"టార్గెట్ ఈజ్ బిజీ": వదలని డిస్కును టెర్మినల్ నుంచి జాగ్రత్తగా విడదీయడం

మేడారం జాతర ముగిసిన వారం రోజులూ హనుమకొండ చౌరస్తా చుట్టుపక్కల వీడియో స్టూడియోల్లో కంప్యూటర్లు రాత్రింబవళ్లు నడుస్తూనే ఉంటాయి. నాలుగు రోజుల ఫుటేజీ అంతా బయటి హార్డ్ డిస్కుల్లోకి చేరి, అక్కడి నుంచి ఎడిటింగ్ కంప్యూటర్లోకి, మళ్లీ మరో డిస్కులోకి, చివరికి ఎవరో ఒకరి చేతిసంచిలోకి వెళ్తుంది. సరిగ్గా ఆ చివరి అంచెలోనే నాకు ఫోను వస్తుంది: "అన్నా, గీ డిస్కు ఇడుస్తలేదు. టార్గెట్ ఈజ్ బిజీ అంటున్నది. పీకెయ్యాల్నా?"

పీకవద్దు. ఆ సందేశం వచ్చిందంటే డిస్కు చెడిపోయిందనీ కాదు, కంప్యూటర్ మొరాయిస్తోందనీ కాదు. డిస్కులోని దేన్నో ఎవరో ఇంకా వాడుతున్నారని కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టం లోపలి మూల భాగం, చెబుతోంది, అంతే. ఆ ఎవరో ఎవరన్నది కనుక్కోవడం, వాళ్లు తమంతట తాము వదిలేలా చేయడం, ఆ తర్వాతే డిస్కును విడదీయడం అన్న మూడు పనులను వరుస తప్పకుండా చేసుకుపోతే, నూటికి తొంభై సందర్భాల్లో బలప్రయోగం అవసరమే రాదు. ఈ మార్గదర్శి లినక్స్ కంప్యూటర్లకు సంబంధించింది. ఉబుంటు, డెబియన్, ఫెడోరా ఏదైనా పద్ధతి ఒక్కటే.

ఆదేశాలను చదివే తీరు

ఆదేశాలను ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను, టెర్మినల్లో మాత్రం వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. పెద్ద అక్షరం కావలసిన చోట ఆ సంగతి విడిగా చెబుతాను. "-వి" అని ఉంటే అడ్డగీత పెట్టి వి అక్షరం కొట్టాలని అర్థం. ముఖ్యమైన ఆదేశం పేరు యుమౌంట్: యు, ఎం, ఓ, యు, ఎన్, టి. మనం నోటితో "అన్‌మౌంట్" అంటాం కాబట్టి చాలామంది మొదటి యు తర్వాత ఒక ఎన్ చేర్చి, ఆదేశం దొరకలేదన్న సందేశం చూసి, ఏదో ఇన్‌స్టాల్ చేయాలేమోనని వెతుకుతారు. 1971 నాటి యూనిక్స్ తొలి చేతిపుస్తకంలోనే ఆ ఎన్ లేదు, ఇప్పటికీ ఎవరూ చేర్చలేదు.

ఉదాహరణకు మన డిస్కు పార్టిషన్ (డిస్కులోని ఒక భాగం) పేరు /డెవ్/ఎస్‌డిబి1 అనుకుందాం. అది /మీడియా/స్టూడియో/జాతర అన్న డైరెక్టరీ, అంటే ఫోల్డర్, మీద మౌంట్ అయి (ఆ చోట ఫైళ్లు కనిపించేలా తగిలించి) ఉందనుకుందాం. మామూలుగా విడదీయడానికి ఇచ్చే ఆదేశం ఇది, ముందున్న సుడో దాన్ని నిర్వాహకుడి అధికారంతో నడపమని చెబుతుంది:

సుడో యుమౌంట్ /మీడియా/స్టూడియో/జాతర

పని జరిగితే టెర్మినల్ ఏమీ మాట్లాడదు, మరుసటి వరుసలో ప్రాంప్ట్ వస్తుంది. జరగకపోతే "టార్గెట్ ఈజ్ బిజీ" అంటుంది. డిస్కు పేరులో ఖాళీ ఉంటే, ఉదాహరణకు "జాతర రెండో రోజు" అని పెట్టి ఉంటే, మార్గాన్ని మొత్తంగా కొటేషన్ గుర్తుల మధ్య ఉంచాలి. లేకపోతే ఆ పేరు మూడు ముక్కలై, మూడింటినీ కనుగొనలేకపోయానని చెబుతుంది. స్టూడియోల్లో డిస్కులకు ఎంత పొడవాటి పేర్లు పెడతారో చూసినవాడిగా ఈ మాట ముందే చెబుతున్నాను.

"బిజీ" అంటే కెర్నల్ లెక్కలో ఏమిటి

మౌంట్ అయిన ప్రతి ఫైల్ సిస్టంను ఎంతమంది పట్టుకుని ఉన్నారో కెర్నల్ ఒక లెక్క ఉంచుకుంటుంది. ఒక ప్రాసెస్, అంటే నడుస్తున్న ప్రోగ్రాం, అందులోని ఫైలు తెరిస్తే లెక్క పెరుగుతుంది, మూస్తే తగ్గుతుంది. ఫైలు తెరవకపోయినా, ఆ డిస్కులోని ఏదైనా డైరెక్టరీలో నిలబడి ఉన్న ప్రతి ప్రాసెస్సూ ఒక పట్టే. ఆ డిస్కులోని ప్రోగ్రాం నడుస్తున్నా, అందులోని ఫైలును మెమరీలోకి మ్యాప్ చేసుకున్నా, అదీ పట్టే. ఇవి కాక కెర్నల్ తన సొంతానికి పట్టుకునేవి కొన్ని ఉంటాయి: ఆ డిస్కులో పెట్టుకున్న స్వాప్ ఫైలు (మెమరీ చాలనప్పుడు వాడుకునే చోటు), ఆ డిస్కులోని ఐఎస్‌ఓ ఫైలును (ఒక డిస్కు మొత్తానికి నకలు) లూప్ పరికరంగా, అంటే అదే ఒక డిస్కు అన్నట్టు, వాడుకోవడం, ఆ డిస్కులోని డైరెక్టరీ మీద మౌంట్ అయి ఉన్న మరో డిస్కు, నెట్‌వర్కులో ఇతరులకు ఇచ్చిన ఎన్‌ఎఫ్‌ఎస్ వాటా. యుమౌంట్ అడిగినప్పుడు కెర్నల్ ఈ లెక్కను చూస్తుంది. పట్లు ఇంకా మిగిలి ఉంటే ఈబిజీ అన్న లోపాన్ని, అంకెల్లో చెప్పాలంటే 16ను, తిరిగి ఇస్తుంది. మనకు కనిపించే వాక్యం ఆ 16కు మాటల రూపమే.

ఈ విభజన తర్వాత పనికొస్తుంది. ప్రాసెస్ పట్టుకుంటే దాని పేరు, సంఖ్య దొరుకుతాయి. కెర్నల్ తనంతట తాను పట్టుకుంటే ప్రాసెస్‌ల జాబితాలో ఎంత వెతికినా ఏమీ దొరకదు. గంటలకొద్దీ తలపట్టుకునేవాళ్లలో ఎక్కువమంది ఈ రెండో రకాన్ని మొదటి రకంలో వెతుకుతున్నవాళ్లే.

మొదటి అడుగు: ఏది ఎక్కడ ఉందో చూడడం

ఫైండ్‌ఎంఎన్‌టి, అంటే ఎఫ్, ఐ, ఎన్, డి, ఎం, ఎన్, టి అన్న ఆదేశానికి మార్గం ఇస్తే ఆ చోట ఏ పరికరం, ఏ రకం ఫైల్ సిస్టంతో మౌంట్ అయిందో చెబుతుంది. పెద్ద ఆర్ చేర్చి "ఫైండ్‌ఎంఎన్‌టి -ఆర్" అంటే దాని కింద ఇంకేమైనా మౌంట్ అయి ఉంటే చెట్టులా చూపుతుంది. ఏ ఆదేశమూ రాని యంత్రం మీద /ప్రాక్/మౌంట్స్ ఫైలును చదివినా చాలు, అందులో ఖాళీ ఉన్న పేర్లు మాత్రం \040 అన్న గుర్తుతో కనిపిస్తాయి.

ఈ అడుగును దాటవేయాలని అందరికీ అనిపిస్తుంది. నాకూ ఒకసారి అనిపించింది. ఒక కళాశాల ప్రయోగశాల సర్వర్లో బ్యాకప్ డిస్కును విడదీయాల్సి వచ్చినప్పుడు, దాన్ని అప్పటికే ఎవరో విడదీశారని, మిగిలింది ఖాళీ డైరెక్టరీ మాత్రమేనని చూసుకోకుండా, ఆ డైరెక్టరీ ఉన్న ఫైల్ సిస్టంను వాడుతున్న అందరినీ చంపమని ఆదేశం ఇచ్చాను. ఖాళీ డైరెక్టరీ ఉన్నది అసలు సిస్టం డిస్కులో. కాబట్టి "అందరూ" అంటే ఆ సర్వర్ మీద నడుస్తున్న దాదాపు ప్రతి ప్రాసెస్, నా సొంత లాగిన్‌తో సహా. ప్రాక్టికల్స్ చేసుకుంటున్న పిల్లల తెరలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ ఆదేశం ఏమిటో, దానికి కాపలా ఎలా పెట్టాలో నాలుగో అడుగులో చెబుతాను.

రెండో అడుగు: మన టెర్మినల్‌నే ముందుగా అనుమానించాలి

ఫోను చేసినవాళ్లను నేను అడిగే మొదటి ప్రశ్న: "నీ టెర్మినల్ ఇప్పుడు ఏ డైరెక్టరీల ఉన్నది?" సగంమంది అక్కడే నవ్వుతారు. డిస్కులోని ఫైళ్లను చూడడానికి సిడి ఆదేశంతో లోపలికి వెళ్లి, అక్కడే కూర్చుని, ఆ డిస్కునే విడదీయమంటారు. కూర్చున్న కొమ్మను నరుక్కోవడం లాంటిదే ఇది, కాకపోతే కెర్నల్ నరకనివ్వదు. సిడి అని మాత్రమే కొట్టి ఎంటర్ నొక్కితే మన హోం డైరెక్టరీకి వచ్చేస్తాం. తర్వాత యుమౌంట్ మళ్లీ ఇవ్వాలి.

అయినా వదలకపోతే తెరిచి ఉన్న మిగతా టెర్మినల్ విండోలు, ట్యాబ్‌లు, టీమక్స్ లేదా స్క్రీన్ వంటి వాటిలో వెనక దాగిన విండోలు చూడాలి. కంట్రోల్, జెడ్ నొక్కి పక్కన పెట్టి మరచిపోయిన ఎడిటర్ కూడా ఫైలును పట్టుకునే ఉంటుంది. జాబ్స్ అని కొడితే ఆ టెర్మినల్లో అలా నిద్రపోతున్న పనులు బయటపడతాయి, ఎఫ్‌జి అంటే పని మళ్లీ ముందుకొస్తుంది, అప్పుడు మామూలుగా మూసేయవచ్చు. డెస్క్‌టాప్ మీద ఫైల్ మేనేజర్ విండో, వీడియో ప్లేయర్, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ డిస్కు ఫైళ్లు ఉన్న ప్రాజెక్టు కూడా ఇదే జాబితాలోకి వస్తాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రాజెక్టును మూస్తే చాలనుకోవద్దు. కొన్ని సాఫ్ట్‌వేర్లు ప్రివ్యూ ఫైళ్లను పూర్తిగా మూసేదాకా పట్టుకునే ఉంటాయి కాబట్టి ప్రోగ్రాం నుంచే బయటికి రావడం మంచిది.

మూడో అడుగు: పట్టుకున్నవాళ్ల పేర్లు అడగడం

ఇందుకు రెండు ఆదేశాలున్నాయి. ఒకటి ఎఫ్‌యూజర్, ఎఫ్ పక్కన యూజర్ అన్న ఇంగ్లీషు మాట. రెండోది ఎల్‌ఎస్‌ఓఎఫ్, ఎల్, ఎస్, ఓ, ఎఫ్. రెండింటినీ సుడోతోనే వాడాలి. సుడో లేకుండా ఇస్తే ఇతరుల ప్రాసెస్‌లు పట్టుకున్న ఫైళ్లు మనకు కనిపించవు, ఎవరూ పట్టుకోలేదన్న తప్పుడు ధైర్యం వస్తుంది. ఎఫ్‌యూజర్ నాకు ఎక్కువ ఇష్టం, ఎందుకంటే జవాబు క్లుప్తంగా ఇస్తుంది:

సుడో ఎఫ్‌యూజర్ -వి -ఎం /మీడియా/స్టూడియో/జాతర

ఇక్కడి ఎం చిన్న అక్షరం. ఈ మార్గం ఉన్న ఫైల్ సిస్టం మొత్తాన్ని వాడుతున్నవాళ్లను చూపమని దాని అర్థం. జాతర డిస్కు వదలడం లేదని స్టూడియోలో పనిచేసే ఒక పిల్లవాడు ఫోను చేసిన రోజు జవాబు దాదాపు ఇలా వచ్చింది: మొదటి వరుసలో రూట్, కెర్నల్, మౌంట్ అని, ఇది ఎప్పుడూ ఉండేదే, పట్టించుకోనక్కరలేదు. రెండో వరుసలో స్టూడియో అన్న వాడుకరి, 4127 అన్న ప్రాసెస్ సంఖ్య, సి అన్న అక్షరం, బ్యాష్ (టెర్మినల్లో మన ఆదేశాలను అందుకునే ప్రోగ్రాం) అన్న పేరు. మూడో వరుసలో అదే వాడుకరి, 4380, పెద్ద ఎఫ్, వీడియోలను మార్చే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్.

కిటుకంతా ఆ అక్షరాల్లో ఉంది. సి అంటే ఆ ప్రాసెస్ ఈ డిస్కులోని డైరెక్టరీలో నిలబడి ఉంది, అంతకుమించి హాని లేదు. చిన్న ఎఫ్ అంటే ఫైలు తెరిచి ఉంది. పెద్ద ఎఫ్ అంటే రాయడానికి తెరిచి ఉంది, అంటే ఇప్పుడు కూడా అందులో ఏదో రాస్తూ ఉండవచ్చు. ఇ అంటే ఈ డిస్కులోని ప్రోగ్రామే నడుస్తోంది. ఎం అంటే ఫైలునో లైబ్రరీనో మెమరీలోకి మ్యాప్ చేసుకుంది. ఆర్ అంటే ఈ డిస్కునే తన రూట్ డైరెక్టరీగా పెట్టుకుని నడుస్తోంది. సి కనిపిస్తే నిశ్చింతగా ఉండవచ్చు, పెద్ద ఎఫ్ కనిపిస్తే చెయ్యి వెనక్కి తీసుకోవాలి. ఆ రోజు 4380 చేస్తున్నది అదే: గద్దెల దగ్గర తీసిన రెండు గంటల ఫుటేజీని ఒక ఎంపీ4 ఫైలుగా మార్చి అదే డిస్కులో రాస్తోంది. పని అయిపోయిందనుకుని ఆ పిల్లవాడు విండోను పక్కకు నెట్టాడు.

ఏ ఫైలు అన్నది కూడా తెలియాలంటే ఎల్‌ఎస్‌ఓఎఫ్‌కు మౌంట్ అయిన మార్గాన్ని ఇస్తే సరిపోతుంది. ప్రతి వరుస చివర ఫైలు పూర్తి పేరు, మధ్యలో ఎఫ్‌డి అన్న నిలువు వరుస ఉంటాయి. ఆ వరుసలో సిడబ్ల్యుడి అని ఉంటే నిలబడిన డైరెక్టరీ, టిఎక్స్‌టి అంటే నడుస్తున్న ప్రోగ్రాం, ఎంఇఎం అంటే మ్యాప్ చేసిన ఫైలు, అంకె పక్కన ఆర్ ఉంటే చదవడానికి, డబ్ల్యు ఉంటే రాయడానికి, యు ఉంటే రెండింటికీ తెరిచినట్టు. ఫైలు పేరు చివర డిలీటెడ్ అని కనిపిస్తే, ఫైలును ఎవరో తొలగించినా దాన్ని తెరిచిన ప్రాసెస్ ఇంకా పట్టుకుని ఉందని అర్థం. డైరెక్టరీ ఖాళీగా కనిపిస్తున్నా డిస్కు బిజీ అనడానికి ఇదొక కారణం. పెద్ద డితో "+డి" అన్న ఆప్షన్ వాడమని కొందరు సలహా ఇస్తారు గానీ, అది డైరెక్టరీల్లోకి ఒక్కొక్కటిగా దిగి వెతుకుతుంది కాబట్టి నాలుగు టెరాబైట్ల డిస్కు మీద చాయ్ తాగి వచ్చినా పూర్తికాదు. మౌంట్ మార్గాన్ని నేరుగా ఇచ్చినప్పుడు ఆ అవసరమే లేదు.

కనీస హంగులతో పెట్టిన సర్వర్లలో ఈ రెండు ఆదేశాలూ ఉండకపోవచ్చు. అక్కడ కెర్నల్ తన లెక్కలను చూపే /ప్రాక్ డైరెక్టరీలోనే సమాచారమంతా ఉంటుంది. ప్రతి ప్రాసెస్ సంఖ్య పేరుతో ఉన్న డైరెక్టరీలో సిడబ్ల్యుడి అన్న లింకు ఆ ప్రాసెస్ నిలబడిన చోటును, ఎఫ్‌డి అన్న డైరెక్టరీలోని లింకులు అది తెరిచిన ఫైళ్లను చూపుతాయి. సుడో ఎల్‌ఎస్ -ఎల్ అన్న ఆదేశంతో వాటిని చూసి, మాటలను వెతికిపెట్టే గ్రెప్‌తో మన డిస్కు పేరును వెతికితే ఎఫ్‌యూజర్ చేసే పనిలో చాలా భాగం అయిపోతుంది.

నాలుగో అడుగు: వదలమని మర్యాదగా అడగడం

ప్రాసెస్‌ను ఆపడంలో మెట్లున్నాయి. అన్నిటికన్నా మంచిది ఆ ప్రోగ్రాంను దాని సొంత పద్ధతిలో మూయడం. అది కుదరకపోతే కిల్ ఆదేశం పక్కన ప్రాసెస్ సంఖ్య ఇవ్వాలి. కిల్ అన్న పేరు భయపెట్టినా, వేరేగా చెప్పకపోతే అది పంపేది 15వ సంకేతం, అంటే టర్మ్. "పని ముగించుకుని వెళ్లు" అన్న కబురు అది. ప్రాసెస్ తన ఫైళ్లను సరిగా మూసి వెళ్లే అవకాశం దానిలో ఉంటుంది. 9వ సంకేతం అలా కాదు. అది ప్రాసెస్‌కు చేరదు, కెర్నలే దాన్ని ఉన్నపళంగా తీసేస్తుంది.

తేడా ఎంత ఖరీదైనదో ఆ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఉదాహరణే చెబుతుంది. ఎంపీ4 ఫైలులో ఏ దృశ్యం ఎక్కడ ఉందో చెప్పే సూచిక మామూలుగా చివరలోనే రాయబడుతుంది. టర్మ్ పంపితే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అప్పటిదాకా అయిన భాగానికి ఆ సూచిక రాసి, ఫైలును మూసి, వెళ్లిపోతుంది, కాబట్టి ఆ గంటన్నర వీడియో ఆడుతుంది. 9 పంపితే సూచిక లేని గిగాబైట్ల ముద్ద మిగులుతుంది, ఏ ప్లేయర్ దాన్ని మామూలుగా తెరవదు. నేను ఆ పిల్లవాడితో కిల్ కూడా ఇవ్వనివ్వలేదు. ఇంకా ఇరవై నిమిషాల పని మిగిలి ఉందని ఆ విండోలోనే కనిపిస్తోంది కాబట్టి, కూర్చుని చూడమన్నాను. బిజీ అన్న సందేశానికి చాలాసార్లు సరైన జవాబు ఓపిక పట్టడమే.

టర్మ్ పంపాక అయిదు పది సెకన్లు ఆగి ఎఫ్‌యూజర్‌తో మళ్లీ చూడాలి. ఇంకా ఉంటేనే, అది రాస్తున్నది విలువైనది కాదని తేలాకే, కిల్ -9 వాడాలి.

ఇప్పుడు ఇందాక వాయిదా వేసిన సంగతి. ఎఫ్‌యూజర్‌కు -కె చేర్చితే అది జాబితాలోని అందరినీ తానే చంపుతుంది, అదీ వేరేగా చెప్పకపోతే 9వ సంకేతంతోనే. కిల్‌కు ఉన్న మర్యాద దీనికి లేదు. పైగా -ఎంకు ఇచ్చిన మార్గం మౌంట్ అయిన చోటు కాకపోతే, ఆ డైరెక్టరీ ఉన్న ఫైల్ సిస్టం మొత్తాన్ని, అంటే తరచుగా సిస్టం డిస్కునే తీసుకుంటుంది. నా ప్రయోగశాల అనుభవానికి మూలం ఇదే. అందుకే ఈ ఆదేశాన్ని వాడక తప్పనప్పుడు ఇలా రాస్తాను:

సుడో ఎఫ్‌యూజర్ -కె -టర్మ్ -ఐ -ఎం (పెద్ద అక్షరం) -ఎం (చిన్న అక్షరం) /మీడియా/స్టూడియో/జాతర

బ్రాకెట్లలోని మాటలను కొట్టకూడదు, టర్మ్‌ను మాత్రం పెద్ద అక్షరాల్లో కొట్టాలి. -ఐ ప్రతి ప్రాసెస్‌కూ మనల్ని అడుగుతుంది. పెద్ద ఎం ఇచ్చిన మార్గం నిజంగా మౌంట్ అయిన చోటయితేనే ముందుకు సాగమంటుంది, లేకపోతే ఏమీ చేయకుండా ఆగిపోతుంది. ఈ పెద్ద ఎం ఆ రోజు ఉండి ఉంటే పిల్లల ప్రాక్టికల్స్ ఆగేవి కావు.

జాబితా ఖాళీ, డిస్కు మాత్రం బిజీ

ఇక్కడే పని రసవత్తరంగా ఉంటుంది. సుడోతో చూసినా ఏ ప్రాసెస్సూ లేదు, అయినా బిజీ అంటోందంటే, పట్టుకున్నది కెర్నలేనని తేల్చుకుని ఒక్కొక్క అనుమానాన్నీ నివృత్తి చేసుకోవాలి.

ముందుగా ఫైండ్‌ఎంఎన్‌టి -ఆర్, పెద్ద ఆర్‌తో. జాతర డిస్కులోని ఒక డైరెక్టరీ మీద మరో పెన్ డ్రైవ్ మౌంట్ అయి ఉంటే పైదాన్ని విడదీయకుండా కిందిది రాదు. ముందు లోపలిదాన్ని, తర్వాత బయటిదాన్ని విడదీయాలి. ఆ వరుసను తానే పాటించమనాలంటే యుమౌంట్‌కు పెద్ద ఆర్ చేర్చవచ్చు.

తర్వాత లూప్ పరికరాలు. లోసెటప్ -ఏ అంటే ఏ ఫైలు ఏ లూప్ పరికరంగా వాడుకలో ఉందో కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయడానికి డిస్కులోని ఐఎస్‌ఓ ఫైలును రెండు క్లిక్కులతో తెరిచి మరచిపోవడం నేను చాలాచోట్ల చూశాను. ఆ ఐఎస్‌ఓ మౌంట్‌ను విడదీసి, అవసరమైతే లోసెటప్ -డితో ఆ లూప్‌ను వదిలించాలి. స్వాప్ సంగతి స్వాప్‌ఆన్ ఆదేశానికి రెండు అడ్డగీతలతో షో అని చేర్చితే తెలుస్తుంది. మన డిస్కు పేరు అందులో ఉంటే స్వాప్‌ఆఫ్ పక్కన ఆ ఫైలు మార్గం ఇవ్వాలి.

డిస్కును ఎన్‌ఎఫ్‌ఎస్ ద్వారా మిగతా కంప్యూటర్లకు పంచి ఉంటే, ఎక్స్‌పోర్ట్‌ఎఫ్‌ఎస్ -వి దాన్ని చూపుతుంది. ఆ వాటాను ఉపసంహరించుకున్నాకే విడదీయాలి. విండోస్ యంత్రాల కోసం సాంబా ద్వారా పంచి ఉంటే అది కెర్నల్ పట్టు కాదు, ఎస్‌ఎంబిడి అన్న ప్రాసెస్‌గా ఎఫ్‌యూజర్ జాబితాలోనే కనిపిస్తుంది. పై అంతస్తులో ఎవరు తెరిచి ఉంచారో ఎస్‌ఎంబిస్టేటస్ చెబుతుంది. ఆ మనిషికి ఫోను చేసి విండో మూయమనడం కంటే మంచి ఆదేశం నాకు తెలియదు.

ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్కులు, ఎల్‌విఎం వాల్యూంలు (డిస్కుల చోటును కలిపి మళ్లీ పంచుకునే ఏర్పాటు), ఒకే ఫైల్ సిస్టం రెండు చోట్ల మౌంట్ అయిన సందర్భాలు మరో రకం. వీటిలో యుమౌంట్ ఎదురు చెప్పకపోవచ్చు గానీ, పరికరం మాత్రం ఇంకా వాడుకలోనే ఉంటుంది. డాకర్ వంటి కంటైనర్లు (ప్రోగ్రాంలను విడి గదుల్లా నడిపే ఏర్పాటు) నడిచే యంత్రాల్లో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే ప్రతి కంటైనర్‌కూ తనదైన మౌంట్‌ల జాబితా ఉంటుంది, మన జాబితాలో పోయినా దాని జాబితాలో మిగిలి ఉండవచ్చు. /ప్రాక్ కింద అన్ని ప్రాసెస్‌ల మౌంట్‌ఇన్ఫో ఫైళ్లలో ఎస్‌డిబి1 అన్న పేరును గ్రెప్‌తో వెతికితే ఏ ప్రాసెస్ లోకంలో అది మిగిలిందో తేలుతుంది, ఆ కంటైనర్‌ను ఆపితే సరిపోతుంది.

విడదీసిన మరుక్షణమే డిస్కు మళ్లీ మౌంట్ అవుతుంటే, అది బిజీ సమస్య కాదు. ఎవరైనా ఆ మార్గాన్ని తాకగానే మౌంట్ చేసే ఆటోమౌంట్ అమరిక ఉందన్నమాట. యంత్రంలోని సేవలను నడిపించే సిస్టమ్‌డిలో దానికి సంబంధించిన ఆటోమౌంట్ యూనిట్‌ను సిస్టమ్‌సిటిఎల్ స్టాప్‌తో ఆపాలి.

బిజీ కాదు, రాస్తోంది

కొన్నిసార్లు సందేశమేమీ రాదు, యుమౌంట్ ఇచ్చిన టెర్మినల్ అలాగే నిలిచిపోతుంది. కాపీ నూరు శాతం అయిందని తెర మీద చూశాం కదా, ఇంకేమిటని కంట్రోల్ సి నొక్కడమో, తీగ లాగడమో చేస్తారు. ఆ నూరు శాతం మెమరీలోకి చేరిన లెక్క, డిస్కులోకి చేరిన లెక్క కాదు. లినక్స్ రాయవలసినదాన్ని ముందు మెమరీలో పోగేసి తర్వాత డిస్కుకు పంపుతుంది. మామూలు అమరికలో అందుబాటులో ఉన్న మెమరీలో 10 శాతం నిండగానే వెనక నుంచి రాయడం మొదలుపెడుతుంది, 20 శాతానికి చేరితే కాపీ చేసే ప్రోగ్రాంనే ఆపి రాయిస్తుంది. 12 గిగాబైట్లు అందుబాటులో ఉన్న యంత్రంలో ఆ 20 శాతం అంటే దాదాపు 2.4 గిగాబైట్లు. సెకనుకు 10 మెగాబైట్లు రాయగల పాత పెన్ డ్రైవ్‌కు అది నాలుగు నిమిషాల పని.

ఇంకెంత మిగిలిందో చూడాలంటే మరో టెర్మినల్లో /ప్రాక్/మెమ్‌ఇన్ఫో ఫైలులోని డర్టీ, రైట్‌బ్యాక్ అన్న రెండు వరుసలను గమనించాలి. వాచ్ ఆదేశంతో పెడితే అంకెలు రెండేసి సెకన్లకు మారుతూ కనిపిస్తాయి. అవి తగ్గుతున్నంతసేపూ ఎవరినీ తొందరపెట్టవద్దు. నా అలవాటు, యుమౌంట్‌కు ముందు సింక్ అని కొట్టి అది తిరిగి వచ్చేదాకా ఆగడం. యుమౌంట్ ఆ పని తానే చేస్తుంది కాబట్టి ఇది తప్పనిసరి కాదు, కానీ ఆలస్యం రాయడంలో ఉందా, వదలకపోవడంలో ఉందా అన్నది విడివిడిగా తెలుస్తుంది.

-ఎల్, -ఎఫ్: రెండు దగ్గరి దారులు

ఇంటర్నెట్‌లో వెతికితే మొదటి జవాబుగా చాలాచోట్ల కనిపించేది యుమౌంట్ -ఎల్. చిన్న ఎల్, లేజీ అన్నమాటకు గుర్తు. ఇది వెంటనే పనిచేసినట్టు కనిపిస్తుంది, అందుకే దానికంత ఆదరణ. నిజానికి అది చేసేది పేరును తీసేయడం మాత్రమే. /మీడియా/స్టూడియో/జాతర అన్న మార్గం నుంచి డిస్కు మాయమవుతుంది, కానీ దాన్ని తెరిచిన ప్రాసెస్‌లు అలాగే రాసుకుంటూ ఉంటాయి. ఆఖరి ప్రాసెస్ వదిలినప్పుడే కెర్నల్ అసలు విడదీత చేస్తుంది. అది ఎప్పుడు జరిగిందో మనకు చెప్పేవారుండరు. ఆ మార్గం పోయింది కాబట్టి దాని పేరుతో ఎఫ్‌యూజర్‌ను అడిగే దారి కూడా మూసుకుపోతుంది. చేతిలోకి తీసుకుని బయటికి వెళ్లే డిస్కు మీద -ఎల్ వాడడం, అందువల్ల, తీగ పీకడానికి మర్యాదైన పేరు పెట్టడమే. నేను స్టూడియోల్లో దాన్ని నిషేధించాను.

-ఎఫ్, అంటే బలవంతంగా, ముఖ్యంగా అందకుండాపోయిన ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ల కోసం ఉద్దేశించింది. ఎక్స్‌టి4 వంటి స్థానిక డిస్కుల మీద దానివల్ల సాధారణంగా ఒరిగేదేమీ ఉండదు, అదే బిజీ సందేశం మళ్లీ వస్తుంది.

ఈ రెండింటికన్నా మేలైన దారి ఒకటి ఉంది. పట్టుకున్నవాళ్లు చదువుతున్నారే తప్ప రాయడం లేదని తేలితే, వాళ్లను కదిలించకుండానే డిస్కును చదవడానికి మాత్రమే మార్చవచ్చు: సుడో మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌ఓ, పక్కన మార్గం. ఎవరైనా రాయడానికి తెరిచి ఉంటే ఇదీ బిజీ అంటుంది, ఆ జవాబే ఒక సమాచారం. విజయవంతమైతే, మెమరీలో పోగైనదంతా డిస్కులోకి చేరినట్టే.

కదలని ప్రాసెస్

కిల్ -9 కూడా పనిచేయని ప్రాసెస్ ఎదురైతే పిఎస్ ఆదేశంలో దాని స్థితి చూడాలి. అక్కడ పెద్ద డి ఉంటే అది కెర్నల్ లోపల, డిస్కు నుంచో నెట్‌వర్కు నుంచో జవాబు కోసం, మధ్యలో లేపడానికి వీల్లేని నిద్రలో ఉంది. సంకేతాలు దానికి వినిపించవు. డిమెసేజ్, అంటే డి, ఎం, ఇ, ఎస్, జి అన్న ఆదేశంతో కెర్నల్ రాసుకున్న చివరి వరుసలు చూస్తే కారణం తరచుగా అక్కడే ఉంటుంది: యుఎస్‌బి తీగ వదులు కావడం, డిస్కులో చదవలేని చోట్లు, కరెంటు పోయినప్పుడు బయటి డిస్కు అడాప్టర్ మాత్రమే ఆగిపోవడం. చివరిది మా ఊళ్లో కొత్త కాదు. సీపీయూకు యూపీఎస్ పెట్టి, డిస్కు అడాప్టర్‌ను మాత్రం పక్క గోడ ప్లగ్గులో పెట్టే అలవాటును ఎన్ని చోట్ల మాన్పించానో లెక్కలేదు.

ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ పోయినప్పుడు డిఎఫ్, ఎల్‌ఎస్‌ఓఎఫ్ వంటి ఆదేశాలు కూడా అదే నిద్రలోకి జారుకుంటాయి. కాబట్టి వాటిని పదేపదే ప్రయత్నించవద్దు. సర్వర్‌ను తిరిగి తీసుకురావడం మొదటి మార్గం, అది కుదరకపోతే యుమౌంట్ -ఎఫ్, దానికీ లొంగకపోతే అప్పుడు యుమౌంట్ -ఎల్. -ఎల్‌కు సరైన చోటు ఇదే, ఎందుకంటే చేతిలో పట్టుకుని పోయే డిస్కు ఇక్కడ లేదు.

ఏదీ కదలకపోతే యంత్రాన్ని పద్ధతిగా షట్‌డౌన్ చేయడంలో చిన్నతనమేమీ లేదు. సిస్టమ్‌డి తన సేవలకు ముందు టర్మ్ పంపుతుంది, మామూలు అమరికలో 90 సెకన్ల దాకా (కొత్త ఫెడోరాలో 45) ఆగి తర్వాతే 9వ సంకేతం పంపి, అప్పుడు డిస్కులను విడదీస్తుంది. మనం ఓపిక లేక దాటవేసిన మెట్లన్నీ అది వరుసగా ఎక్కుతుంది. పవర్ బటన్‌ను అదిమి పట్టుకోవడం మాత్రం షట్‌డౌన్ కాదు.

విడిపోయాక

యుమౌంట్ మౌనంగా తిరిగి వచ్చాక ఫైండ్‌ఎంఎన్‌టికి అదే మార్గం ఇస్తే ఏమీ చూపకూడదు. డిస్కుల జాబితా చూపే ఎల్‌ఎస్‌బిఎల్‌కెలో ఎస్‌డిబి1 పక్కన మౌంట్ మార్గం ఖాళీగా ఉండాలి. ఒకే డిస్కులో రెండు పార్టిషన్లు ఉంటే రెండోదీ చూసుకోవాలి, చాలామంది ఒకటి విడదీసి రెండోదాన్ని మరచిపోతారు. ఆ తర్వాత తిరిగే హార్డ్ డిస్కుకు విద్యుత్తు కూడా ఆపడం మంచిది:

యుడిస్క్స్‌సిటిఎల్ పవర్-ఆఫ్ -బి /డెవ్/ఎస్‌డిబి

ఇక్కడ పార్టిషన్ అంకె ఉండదు, పేరు మొత్తం డిస్కుది. లోపలి పళ్లేలు ఆగే సన్నని శబ్దం వినిపించి, దీపం ఆరాక, తీగ తీయవచ్చు.

అప్పటికే ఎవరో తీగ పీకేసి తర్వాత ఫోను చేస్తే, అదే డిస్కును వెంటనే మళ్లీ గుచ్చవద్దని చెబుతాను. పాత మౌంట్ పేరు ఇంకా అక్కడే వేలాడుతుంటే దాన్ని యుమౌంట్ -ఎల్‌తో తీసేసి, డిస్కును పెట్టాక మౌంట్ చేయకుండానే తనిఖీ చేయాలి. ఎక్స్‌టి4 అయితే సుడో ఇ2ఎఫ్‌ఎస్‌సికె -ఎఫ్ పక్కన పార్టిషన్ పేరు. ఎక్స్‌ఫ్యాట్ అయితే ఎక్స్‌ఫ్యాట్‌ప్రాగ్స్ ప్యాకేజీలోని ఎఫ్‌ఎస్‌సికె.ఎక్స్‌ఫ్యాట్. ఎన్‌టిఎఫ్‌ఎస్ అయితే లినక్స్‌లోని ఎన్‌టిఎఫ్‌ఎస్‌ఫిక్స్ చిన్నచిన్న సవరణలే చేయగలదు కాబట్టి, డిస్కును విండోస్ యంత్రానికి తీసుకెళ్లి సిహెచ్‌కెడిఎస్‌కె నడపాలి. తనిఖీ ముగిశాక మౌంట్ చేసి, పీకిన క్షణంలో రాస్తున్న ఫైలు ఏదో గుర్తు తెచ్చుకుని, దాన్ని చివరిదాకా ఆడించి చూడాలి.